దారులన్నీ గుమ్మం దగ్గరికే

"ఆ రోజు నువ్వేం నొక్కావో చెప్పు, చాలు" అన్నారు బావగారు. ఇది మూడోసారి.

చిన్నకోడలు టీ గ్లాసులోకి చూసింది. షాపు వెబ్‌సైటు పాత అడ్రసు నుంచి కొత్త అడ్రసుకి మారిన రోజున చివరి మీట నొక్కింది తనే. ఆ నొక్కుడులోనే ఎక్కడో పొరపాటు జరిగిందేమోనని పందొమ్మిది రోజులుగా ఆమెకే లోపల పీకుతోంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే తన భుజాలే తడుముకుంటున్న మనిషి, ఇక ఏం పెట్టుకుని వాదిస్తుంది?

బల్ల మధ్యలో షాపు ఫోను అలిగిన అల్లుడిలా మూగగా కూర్చుని ఉంది.

పందొమ్మిది రోజుల కిందటి వరకూ దాని నోరు మూతపడింది లేదు. "కింద దారం ముద్ద కడుతోందండీ, మీ సైటులో చదివాను, ఆ పార్టు మీ దగ్గర దొరుకుతుందా?" అని ఒకరు. "మీరు రాసినట్టే విప్పాను, ఇప్పుడు బిగించడం రావట్లేదు" అని ఇంకొకరు. కుట్టు మిషను ఉన్న ప్రతి ఇంట్లోనూ ఈ షాపు నంబరు ఉందా అన్నట్టు ఉండేది. ఇప్పుడు దాన్ని చూస్తే జాలేస్తోంది.

అత్తయ్య తన ఫోను తీసి షాపు నంబరుకి చేసింది. బల్ల మీద ఫోను గణగణలాడింది.

"మోగుతోందిరా. దీనికేం రోగం లేదు."

"రోజుకి రెండుసార్లు చూస్తున్నావమ్మా నువ్వు" అన్నారు బావగారు విసుగ్గా.

"చూడక ఏం చెయ్యను? ఆ శబ్దం వినకపోతే ఇంట్లో ఏదో ఆగిపోయినట్టుంటోంది."

మామయ్య నలభై ఏళ్ళుగా కుట్టు మిషన్లు విప్పి బిగించిన వేళ్ళతో గ్లాసు అంచు తుడుచుకుంటున్నారు. ఆయన మౌనానికి ఆ ఇంట్లో తూకం ఎక్కువ. మిగతావాళ్ళు నాలుగు మాటలాడేలోగా ఆయన ఒక్కసారి గొంతు సవరించుకుంటే చాలు, అందరి మాటలూ చెల్లు.

"పోయినవారం అనుకున్నదే" అన్నారు చివరికి. "కొత్త అడ్రసు వచ్చాక పాతది ఎందుకు? ఒక ఇంటికి రెండు గుమ్మాలేమిటి? మూసేద్దాం. సైటు పని కూడా కొత్తది కట్టిచ్చినాయనకే అప్పజెప్పేద్దాం. అమ్మాయికి ఈ తలనొప్పి వద్దు."

తలనొప్పి వద్దు అన్న మాట మెత్తగానే ఉంది. మెత్తటి కత్తి కూడా కోస్తుంది.

అయిదేళ్ళు. మధ్యాహ్నం షాపు సద్దుమణిగాక మామయ్య చెప్పేవారు, తను టైపు చేసేది. "పెడలు బరువుగా తిరుగుతోందా?" "సూది మాటిమాటికీ విరుగుతోందా?" ఒక్కో జబ్బుకి ఒక్కో పేజీ. నూట ఎనభై ఆరు పేజీలు. ఏ పేజీకీ ముందు బావగారు ఒప్పుకోలేదు. తర్వాత ఫోను మోగడం మొదలయ్యాక ఒప్పుకోక తప్పలేదు.

"మామయ్యా, సాయంత్రం దాకా ఆగండి" అంది చిన్నకోడలు. "ఒక్కో పేజీ పట్టుకుని చూస్తాను. తప్పు నాదే అని తేలితే నేనే మూసేయమంటాను."

భర్త ఉంటే ఓ మాట సాయం వచ్చేవాడో లేదో. అతను బట్టల ఫ్యాక్టరీలో మిషన్లు బిగించే పని మీద వారంగా పొరుగూరిలో ఉన్నాడు. నిన్న ఫోనులో "నాన్న మాటకి ఎదురు చెప్పకు" అన్నాడు. అది సాయమో కాదో ఆమెకి ఇంకా తేలలేదు.

మామయ్య గ్లాసు కింద పెట్టారు. "సరే. సాయంత్రం దాకా."

బావగారు ఏదో అనబోయారు. నోరు తెరిచి, బల్ల మీద ఫోను వంక ఒకసారి చూసి, మళ్ళీ మూసుకున్నారు. ఆ ఫోను తీసుకుని, చెప్పులేసుకుని షాపు తలుపు తీయడానికి వెళ్ళిపోయారు.

*

ఇంటికి ముందు భాగమే షాపు. దాని పద్ధతులు దానివి.

ఎవరు ఏ మిషను తెచ్చినా ముందు గుమ్మం పక్కన ఉన్న బల్ల మీద పెట్టాలి. అక్కడ బావగారు కూర్చుంటారు. "ఏం ఇబ్బందమ్మా?" అని అడుగుతారు. చెప్పింది చీటీ మీద రాసి, దాన్ని దారంతో మిషను చక్రానికి కడతారు. ఆ తర్వాతే మిషను వెనక గదిలోకి, మామయ్య దగ్గరికి వెళుతుంది. మనిషి మాత్రం వెళ్ళడానికి వీల్లేదు. ఎప్పుడో ఒకావిడ సరాసరి వెనక్కి వచ్చి, మామయ్య విప్పి వరసగా పేర్చుకున్న స్క్రూలన్నీ కొంగుతో ఈడ్చి నేలపాలు చేసిందట. రెండు రోజులు ఏరుకున్నారట. అప్పటినుంచి ఎంతటివాళ్ళకైనా అదే కట్టడి. మామయ్య కూడా గిరాకీ ఉండగా ముందుకి రారు.

చిన్నకోడలు షాపులోనే మెట్ల కింద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. పక్కన కాగితాల మీద పాత పేజీల అడ్రసులన్నీ ఒకదాని కింద ఒకటి. చేతిలో పెన్సిలు.

అత్తయ్య వచ్చి ముక్కాలిపీట జరుపుకుంది. "ఏమిటే ఇది, మళ్ళీ పరీక్షలకి కడుతున్నావా?"

"పాత ఇల్లు ఖాళీ చేసినప్పుడు తలుపుకి కాగితం అంటించాం చూడండి, ఫలానా వీధికి మారాం అని. అలాంటి కాగితాలు నూట ఎనభై ఆరు ఉండాలి అత్తయ్యా. రీడైరెక్టులంటారు. పేజీకొకటి. పాత పేజీ కోసం వచ్చిన మనిషిని అది కొత్త చోటికి పంపించాలి. ఎంత చప్పున పంపాలంటే, తను దారి మళ్ళినట్టు ఆ మనిషికి తెలియనే కూడదు."

"మనుషుల సంగతి సరే. వెతికితే మన పేరు వచ్చేది కదా, అదెందుకు రావట్లేదు?"

"ఆ వెతికిపెట్టే సెర్చింజను కూడా ఈ కాగితమే చదువుకుంటుంది. ఓహో, దారం ముద్ద కట్టే పేజీ ఇక్కడికి మారిందన్నమాట అని తన చిట్టా దిద్దుకుంటుంది. కాగితం మీద తప్పు రాసి ఉంటే, వీళ్ళు ఇల్లు ఎత్తేశారు అనుకుని కొట్టేస్తుంది."

అత్తయ్య ముక్కు మీద వేలేసుకుంది. "అయితే ఆ కాగితాల మీద ఏం రాసుందో చూడు ముందు. మాటలెందుకు?"

మొదటి అడ్రసు: పెడలు బరువుగా తిరుగుతోందా? నొక్కింది. అది ఒక మలుపు తిరిగి, ఇంకో మలుపు తిరిగి, మూడోది కూడా తిరిగి, అప్పుడు ఆగింది. ఎక్కడ ఆగిందో చూసి పెన్సిలుతో రాసుకుంది: ముందు పేజీ.

రెండోది: సూది విరుగుతోందా? ముందు పేజీ.

మూడోది. ముందు పేజీ. పదోది. ముందు పేజీ.

బెల్టు జారే పేజీ అయితే ఎక్కడికీ చేరనేలేదు. పాతది కొత్తదాన్ని చూపిస్తోంది, కొత్తది మళ్ళీ పాతదాన్ని చూపిస్తోంది. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది.

"గానుగెద్దు" అంది అత్తయ్య తేల్చేస్తూ.

నలభైకి చేరేసరికి చిన్నకోడలి పెన్సిలు నెమ్మదించింది. ఇది ఒక మీట నొక్కడంలో జరిగే పొరపాటు కాదు. ఎవరో కూర్చుని, కావాలని, అన్ని దారుల్నీ ఒకే గుమ్మానికి తిప్పారు.

అత్తయ్యకి ఆసరికి ఓపిక పోయింది. తన ఫోనులో ఎవరో తెలిసిన టైలరు ఎప్పుడో పంపిన లింకు ఒకటి వెతికి పట్టుకుని తనే నొక్కింది. కింద దారం గురించిన పేజీ అది. తెర మీద నిండుగా ముందు పేజీ ఫొటో వచ్చింది: షాపు ముందు చేతులు కట్టుకుని, గడ్డం పైకెత్తి, బావగారు.

"ఏమిటే ఇది! నేను దారం గురించి అడిగితే వీడు మొహం చూపిస్తాడేం?"

ఎన్నాళ్ళ తర్వాతో చిన్నకోడలికి నవ్వొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముందు బల్ల దగ్గర్నుంచి బావగారు తల తిప్పి చూశారు. అత్తాకోడళ్ళు ఇద్దరూ చప్పున కాగితాల్లో తలలు దూర్చారు.

నవ్వు తగ్గాక ఆమె కొత్త సైటులోకి వెళ్ళి వెతికింది. దారం పేజీ ఉంది. పెడలు పేజీ ఉంది. మామయ్య చెప్పిన మాట ఒక్కటి కూడా పోలేదు. చుట్టాల కోసం ఊడ్చి, దుప్పట్లు పరిచి, దీపాలు పెట్టిన గదుల్లా అన్నీ అక్కడే ఉన్నాయి. వాటికి దారే లేదు.

సైటు కట్టినాయనకి మెసేజి పెట్టింది: పాత పేజీలన్నీ ముందు పేజీకి ఎందుకు పంపారు?

గంట తర్వాత జవాబు వచ్చింది. "మీవాళ్ళు రాసిచ్చిందే చేశానమ్మా. ఇలా అయితే కష్టమని చెప్పి చూశాను, వినలేదు. ఇప్పుడు వేరే పనిలో ఉన్నాను. నాలుగింటికి మీ పనే పెట్టుకుంటాను." కింద ఒక కాగితం ఫొటో.

రెండే వాక్యాలు. "ఎవరొచ్చినా ముందు గుమ్మం దగ్గరికే రావాలి, సరాసరి లోపలికి పంపకూడదు. ఇది మా షాపు పద్ధతి."

బావగారే, అనుకుంది చిన్నకోడలు. ఒక్క క్షణం గుండెల మీంచి బండరాయి దొర్లినట్టయింది. సాయంత్రం అందరి ముందూ ఈ కాగితం పెడితే చాలు.

అత్తయ్య కళ్ళజోడు సర్దుకుని ఫొటోలోకి చూసింది. చాలాసేపు చూసింది.

"వీడి రాత కాదే ఇది" అంది మెల్లగా. "అక్షరాలు ఇలా కుడిపక్కకి ఒరిగిపోయేది ఈ ఇంట్లో ఒక్కరికే."

వెనక గదిలోంచి ఆకురాయి చప్పుడు వస్తోంది. ఇనుము మీద ఒక రుద్దుడు, కాస్త ఆగడం, మళ్ళీ రుద్దుడు. ఇద్దరూ ఆ చప్పుడు విన్నారు.

"చూపిస్తావా?" అంది అత్తయ్య.

"మీరు చెప్పండి."

"నన్నడక్కు. ఆయన తప్పు ఆయనకి చెప్పిన మనిషి ఈ ఇంట్లో ఇంతవరకు పుట్టలేదు. నేను సరే, ఎక్కడో పుట్టి ఇక్కడికి వచ్చాను. అయినా చెప్పలేదు."

"చెప్పకపోతే సాయంత్రానికి పాత అడ్రసు మూసేస్తారు అత్తయ్యా. తప్పు కాగితమైనా తలుపుకి ఉంటే దిద్దుకోవచ్చు. తలుపే పోతే ఎక్కడ అంటిస్తాం? అయిదేళ్ళు ఆయన చెప్పిందంతా ఎవరికీ దొరకదు."

"మరి నీ మీద పడిన మాటో?"

చిన్నకోడలు పెన్సిలు తీసుకుని నలభై ఒకటో అడ్రసు నొక్కింది.

*

మూడు దాటాక ఒకావిడ స్టాండు నుంచి విప్పిన మిషను తలని గోనెసంచిలో మోసుకుంటూ వచ్చింది. మెడలో టేపు ఇంకా వేలాడుతూనే ఉంది. కుడుతూ కుడుతూ లేచి వచ్చినట్టుంది.

"ఏం ఇబ్బందమ్మా?" అన్నారు బావగారు చీటీ తీసి.

"పైదారం తెగిపోతోందండీ. అన్నీ చూశాను, అంతుచిక్కలేదు." ఆవిడ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "పెద్దాయన ఎప్పుడు పోయారండీ?"

బావగారి కలం ఆగిపోయింది. "ఎవరు?"

"అదే, మీ నాన్నగారు. పాపం. ఆయన రాసిన పేజీలు చూసుకునే నేను మిషను బాగుచేసుకునేదాన్ని. ఈమధ్య ఏది నొక్కినా మీ ఫొటో వస్తోంది. పెద్దాయన పోయినట్టున్నారు, కొడుకు కూర్చున్నాడు అనుకున్నాం. మా టైలర్లందరిలో అదే మాట. పరామర్శకి ఫోను చేద్దామనుకుని, ఏం మాట్లాడాలో తెలీక ఊరుకున్నాను."

వెనక గదిలో ఆకురాయి చప్పుడు ఆగింది.

మెట్ల కింద చిన్నకోడలు తలెత్తి చూసింది. గది తలుపు తెరుచుకుంది. చేతులు గుడ్డతో తుడుచుకుంటూ, గిరాకీ ఉండగా, మామయ్య ముందుకి వచ్చారు.

"పోలేదమ్మా" అన్నారు. "వెనకే ఉన్నాను."

ఆవిడ సిగ్గుతో చచ్చిపోయింది. ఆయన మిషను తల వంచి, ఒక్కసారి చక్రం తిప్పి, దారం పోయే దారిలో వేలు పెట్టి చూశారు. ఎక్కడో సన్నటి గరుకు తగిలింది కాబోలు, సన్న ఉప్పుకాగితం ముక్కతో రెండుసార్లు రుద్దారు. "ఇది కూడా రాశానే! చదవలేదా?"

"ఎక్కడండీ? ఎక్కడికెళ్ళినా గుమ్మం దగ్గరే నిలబెడుతుంటే!"

ఆవిడ వెళ్ళిపోయాక కూడా మామయ్య అక్కడే నిలబడ్డారు. షాపులో నలుగురూ ఉన్నారు. గోడ గడియారం ఒక్కటే తన పని తాను చేసుకుంటోంది.

"అమ్మాయ్, ఏం తేలింది?"

"పేజీలన్నీ ఉన్నాయి మామయ్యా. పాత దారులన్నీ ముందు పేజీకి తిప్పేశారు. అందుకే ఎవరికీ దొరకట్లేదు."

"నువ్వు నొక్కినదాని వల్లా?"

"కాదు."

"మరి అలా తిప్పమని వాడికి ఎవరు చెప్పారు?"

చిన్నకోడలు అత్తయ్య వంక చూసింది. అత్తయ్య చూరు వంక చూసింది. బావగారు రాసి ఉన్న చీటీ మీదే మళ్ళీ రాస్తున్నారు.

"షాపు పద్ధతి అని రాసిచ్చారట" అంది ఆమె.

"ఎవరు?"

ఆమె ఫోను తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన చెయ్యి దూరంగా చాపి పట్టుకుని, పెదవులు కదుపుతూ చదివారు. చదివి, కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ చదివారు.

"నా రాతే" అన్నారు.

తిట్టినా బాగుండేది. ఆ రెండు మాటలు ఎంత మామూలుగా అన్నారంటే, చిన్నకోడలికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

మామయ్య ముందు బల్ల అంచు మీద కూర్చున్నారు. "ఇక్కడ వీడుంటాడు. ఏం ఇబ్బందమ్మా అని అడుగుతాడు. చీటీ రాసి నా దగ్గరికి పంపుతాడు. అందుకని ఇది పద్ధతి. అక్కడ గుమ్మంలో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు మామయ్యా. బావగారి ఫొటో ఉంది."

"ఫొటో అడగదు కదా."

"అడగదు."

"అడిగే మనిషి లేకపోతే అది గుమ్మమెందుకవుతుంది? గోడవుతుంది." ఆయన కొడుకు వైపు తిరిగారు. "ఈ కాగితం వల్లే ఇలా అయిందని నీకు తెలుసా?"

బావగారు చీటీ అవతలికి తోశారు. "నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. వాడు అప్పుడే అన్నాడు, ఇలా వద్దండీ అని."

"మరి నాతో చెప్పలేదేం? పందొమ్మిది రోజులు ఆ పిల్లని అన్నావు."

"నీ మాట తప్పని నేనెలా అంటాను నాన్నా?" బావగారు కలం కింద పెట్టారు. "నిన్ను అనలేక దాన్ని అన్నాను."

"అత్త మీద కోపం దుత్త మీద" అంది అత్తయ్య. అని, కోడలి భుజం మీద చెయ్యి వేసి తీయకుండా అలాగే ఉంచింది.

మామయ్య ముక్కాలిపీట లాక్కుని మెట్ల కింద, ల్యాప్‌టాప్ పక్కన కూర్చున్నారు. అయిదేళ్ళుగా మధ్యాహ్నాలు కూర్చున్న చోటే.

"చదువమ్మా. ఏది ఎక్కడికి పోవాలో నేను చెబుతాను."

"పెడలు బరువుగా తిరుగుతోందా?"

"అది నూనె పేజీకి పంపకు. తొందరపడి అందరూ నూనె పోసేస్తారు. బరువు గురించి విడిగా రాశాం, దానికి పంపు. మలుపులు లేకుండా, ఒక్క అడుగులో."

"సూది విరుగుతోందా?"

"దానిది దానికే."

పెన్సిలు కాగితం మీద పరిగెత్తింది. మూడు, నాలుగు, అయిదు. మామయ్య గొంతులో పాత మధ్యాహ్నాల హుషారు కొంచెం కొంచెంగా తిరిగొస్తోంది. ఈ పాత తలుపు ఒక్కటి అలాగే ఉంటే, రాత్రి భోజనాల వేళకి సగం దారులు చక్కబడతాయి. మెల్లగా మనుషులొస్తారు. మెల్లగా వెతికేదానికీ తెలుస్తుంది.

"నాన్నా" అన్నారు బావగారు.

ఆయన కూర్చున్నచోటే ఉన్నారు. షాపు ఫోను ఆయన ముందే ఉంది.

"పాత అడ్రసు మూసేయమని సైటు కట్టినాయనకి పొద్దున్నే చెప్పేశాను. మీరంతా టీలకి రాకముందే. ఇప్పుడు వద్దని చెబుదామని ఇందాకటి నుంచి చేస్తున్నాను. ఎత్తట్లేదు."

చిన్నకోడలి చేతిలో పెన్సిలు ఆగిపోయింది. నాలుగింటికి మీ పనే పెట్టుకుంటాను. ఆ మాట ఆమె తన మెసేజికి జవాబనుకుంది. కాదు. అది బావగారు పొద్దున అప్పజెప్పిన పని గురించి.

అందరూ ఒకేసారి గడియారం వైపు చూశారు. నాలుగు దాటి మూడు నిమిషాలు.

ముందు బల్ల మీద షాపు ఫోను మోగింది.

పందొమ్మిది రోజులుగా ఆ మోత కోసమే చెవులు రిక్కించుకున్న ఇల్లు, ఇప్పుడు అది మోగుతుంటే కదలకుండా నిలబడిపోయింది. తెర మీద సైటు కట్టినాయన నంబరు. బావగారి చెయ్యి సగం దాకా వెళ్ళింది.

"నువ్వు కాదు" అన్నారు మామయ్య. పీట మీంచి లేచి, ముందు బల్ల దాకా తనే దారి వదిలి నిలబడ్డారు. "అమ్మాయి ఎత్తుతుంది. ఇకనుంచి ఆ గుమ్మం దానిదే."

ఉందో, ఇప్పటికే మూతపడిందో తెలియని ఆ గుమ్మం కోసం చిన్నకోడలు ఫోను చెవికి ఆనించుకుంది.